ఎక్కువ పడిన న

నోరు విప్పని మనిషిని మంచివాడనాలా, రాతిగుండెవాడనాలా? ఈ ప్రశ్న నన్ను పట్టుకుని చాలా ఏళ్లయింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఇతరులు రాసింది చదివి తప్పులు దిద్దాను. మానేశాక నాకు నచ్చినవి చదువుకుంటున్నాను. ఇంత చదివినా జవాబు దొరకలేదు. ఒక పుస్తకం మంచివాడంటుంది, ఇంకోటి కాదంటుంది. నిజానికి నా ప్రశ్న పుస్తకాల్లో మనిషి గురించి కాదు. మా అక్క మొగుడి గురించి.

మా బావ ఇత్తడి రేకుల మీద అక్షరాలు చెక్కేవాడు. ఇంటి ముందుగదిలో, ఉత్తరం కిటికీ కింద, ఒక బల్ల. బల్ల మీద నల్లటి లక్క ముద్ద. దాన్ని వేడిచేసి మెత్తబరిచి, రేకుని అందులో అదిమి, కదలకుండా పట్టించేవాడు. కంటికి భూతద్దం, చేతిలో చిటికెనవేలంత ఉలి. డాక్టర్ల పేర్లు, వకీళ్ల పేర్లు, కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ల పేర్లు. ఆయన పనికి ఒక పద్ధతి ఉండేది. ముందు అక్షరాల ఒళ్లన్నీ చెక్కేసి, తలకట్లూ దీర్ఘాలూ గుడులూ చివర్న ఒకేసారి పెట్టేవాడు. "పిల్లలందరికీ స్నానాలు చేయించాక వరసగా కూర్చోబెట్టి తలలు దువ్వినట్టు," అనేది మా అక్క. అంచేత పని సగంలో ఉన్నప్పుడు ఆ రేకు చూస్తే ఏ భాషో కూడా తెలిసేది కాదు.

నేను ఒక టీవీ చానల్లో ప్రూఫులు చూసేవాణ్ణి. తెర కింద పరిగెత్తే వార్తలు, సీరియళ్ల ముందు పడే పేర్లు, ఇలాంటివి. చానల్ ఏటా ఇచ్చే అవార్డులకు ఫలకాలు చెక్కే మనిషి కావాలన్నప్పుడు బావ పేరు చెప్పింది నేనే. ఆ పనులన్నీ చూసే మేనేజరు ఒకాయన ఉండేవాడు. రెండు చెవులకీ రెండు ఫోన్లు పెట్టుకుని మూడోవాడితో మాట్లాడగలిగిన మనిషి. మొదటి ఏడాది గెలిచినవాళ్ల పేర్ల కాగితం బావ చేతిలో పెడుతూ, "ఈ పేర్లు మీ ఇంటి గోడలక్కూడా తెలియకూడదు," అన్నాడు.

"గోడలకు చదువు రాదండీ," అన్నాడు బావ.

సరదాకే అన్నాడు గాని, ఆ మాటని పట్టుకుని పందొమ్మిదేళ్లు వదల్లేదు. లోకానికంటే పదిరోజుల ముందే ఆయనకు అన్నీ తెలిసేవి: ఉత్తమ సీరియల్ ఏది, ఉత్తమ జంట ఎవరు, ఉత్తమ ప్రతినాయిక ఎవరు. ఆ పదిరోజులూ కిటికీ తలుపు వేసుకుని దీపం కింద పనిచేసేవాడు. అక్క కాఫీ తీసుకెళ్తే రేకు బోర్లా తిప్పేవాడు. "నన్ను పెళ్లాడాడు గాని కాపరం మాత్రం ఆ రేకులతోనే," అనేది అక్క. మాటల్లో పెట్టి రెండు పేర్లయినా లాగుదామని పత్రికలవాళ్లు వచ్చేవాళ్లు. వచ్చిన పని కాక, ఊరికే వెళ్లడం బాగుండక, తమ ఇంటి తలుపుకి పేరు చెక్కమని చెప్పి వెళ్లేవాళ్లు. చానల్లో ఆయనకి తాళంకప్ప అని పేరు స్థిరపడింది. ఎదురుగానే పిలిచేవాళ్లు, ఆయనా పలికేవాడు.

అక్షరం విషయంలో మాత్రం తాళంకప్ప కాదు. ఒకసారి మా ఆఫీసు కాగితంలో 'ఉత్తమ ప్రతినాయిక' అన్నది మధ్యలో ఖాళీతో 'ఉత్తమ ప్రతి నాయిక' అని వచ్చింది. బావ నాకు ఫోన్ చేశాడు.

"ఏం బావమరిదీ, ప్రతి నాయికా ఉత్తమురాలేనా? అయితే ఎన్ని రేకులు కొయ్యమంటావు?"

ఆ మాట మా ఆఫీసులో ఆర్నెల్లు తిరిగింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, అంతటి కన్ను ఆయనది.

చానల్ అవార్డుల్లో రెండు పద్ధతులుండేవి. ఒకటి, కవర్లో చీటీ తీసి పేరు చదివి పిలుస్తారు. మనిషి వేదిక ఎక్కాక, ఇచ్చే పెద్దమనిషి ఫలకం మీద ఉన్నది ఉన్నట్టు పైకి చదివి అప్పుడు చేతికందిస్తాడు. రెండోది, రానివాళ్లకి ఇవ్వరు. ఒక ఏడాది ఒక హీరో రాకపోతే ఆయన డ్రైవరు వేదికెక్కి అవార్డు పుచ్చుకుని ఉపన్యాసం కూడా ఇచ్చాడు. హీరో కంటే బాగానే మాట్లాడాడు. అదే ఇబ్బందైంది. అప్పట్నుంచి మనిషి హాల్లో లేకపోతే అవార్డు పోటీలో రెండో మనిషికి పోతుంది. అందుకని బావ ఆ రోజు ఉలి సంచీ, ఖాళీ రేకులు రెండూ పట్టుకుని వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు. అవసరం పడితే అక్కడే కూర్చుని వేరే పేరు చెక్కాలి.

ఇక వదిన సంగతి. వదిన అంటే బావ చెల్లెలు. నాకంటే రెండేళ్లు పెద్ద. తల్లీ తండ్రీ తొందరగా పోతే బావే పెంచాడు. నాటకాల పిచ్చి పట్టినప్పుడు వద్దనలేదు సరికదా, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని రిహార్సళ్లకు తిప్పాడు. ఆమె పెళ్లి జోలికి పోలేదు. టీవీలోకి వచ్చేసరికి నలభై దగ్గరపడ్డాయి. ఆ వయసు ఆడమనిషికి టీవీలో రెండే ఉద్యోగాలు: మంచి అత్తగారు, చెడ్డ అత్తగారు. వదిన రెండూ చేసింది, ఒకే సీరియల్లో, పదిహేడేళ్లు. రచయిత మారినప్పుడల్లా ఆమె స్వభావం మారేది. వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. కూరగాయల కొట్టువాడు వంకాయలు తూస్తూ, "అత్తగారూ, ఆ పిల్లని మరీ అంత ఏడిపించకండి, మా ఆవిడ అన్నం తినడం లేదు," అని బతిమాలేవాడు.

ఉత్తమ సహనటి అవార్డుకి ఆమె పేరు తొమ్మిదిసార్లు పోటీలోకి వచ్చింది. మిగతాచోట్ల సహాయనటి అంటారు. మా చానల్ తొలి డైరెక్టరు, "ఆవిడ ఎవరికయ్యా సహాయం చేస్తోంది? సహనటి అనండి," అన్నాడట, అదే నిలిచిపోయింది. తొమ్మిదిసార్లూ అవార్డు వేరేవాళ్లకి వెళ్లింది. ఆ తొమ్మిది పేర్లూ చెక్కింది వాళ్లన్నయ్యే.

ప్రతి ఏడూ ఆ పదిరోజుల్లో ఒక సాయంత్రం ఆమె అక్కా వాళ్లింటికి వచ్చేది. ముందుగది గడప దాటేది కాదు. గడప మీదే నిలబడి అడిగేది.

"అన్నయ్యా, పేరు చెప్పొద్దులే. మంచిబట్టలు ఇస్త్రీకివ్వనా వద్దా, అదొక్కటీ చెప్పు."

"ఇస్త్రీ చేసినవి ఎప్పుడైనా మంచివే."

"పోనీ ఒకసారి నవ్వు. నవ్వుని బట్టి తెలుసుకుంటా."

బావ నవ్వేవాడు.

"ఛ, పోయినేడాదీ ఇదే నవ్వు."

తరవాత ఆమె పట్టుబట్టలు కట్టుకుని, జుట్టు ముడికి గంటసేపు పెట్టి, మూడో వరసలో కూర్చుని, వేరేవాళ్ల పేరు వినగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టేది. కెమెరా ఓడినవాళ్ల మొహాల కోసమే వెతుకుతుందని ఆమెకి తెలుసు. వెనక వరసలోంచి బావ ఆ మెడ కేసి చూస్తూ కూర్చునేవాడు. పక్కన నేనుండేవాణ్ణి కనక నాకు తెలుసు.

అక్క ఊరుకునేది కాదు. "సొంత చెల్లెలండీ. పదిరోజులు ఆశపెట్టి పదకొండో రోజు తోసేస్తారా?"

"నేనేం ఆశపెట్టాను? నేనసలు మాట్లాడలేదుగా."

"నేను చెప్పేదీ అదే."

పదో ఏడాది సంగతి వేరు. ఆ ఏడాది సీరియల్లో వదిన పాత్రకి గుండెపోటు రాశారు. రేపట్నుంచి రానక్కర్లేదని ఆమెకి డైరెక్టరు చెప్పలేదు, కారు రాదని డ్రైవరు చెప్పాడు. కొత్త ఎపిసోడ్లలో హాలు గోడ మీద ఆమె ఫోటో వేలాడదీశారు. "పదిహేడేళ్లు ఆ ఇంట్లో ఉన్నందుకు చివరికి ఒక మేకు దక్కింది," అని నవ్వింది వదిన. పోటీలో ఉన్న పేర్లు ప్రకటించిన రోజున, అక్క ఇంటికి పిలిచి ఆమె పేరుందని చెబితే, "ఈసారి వెళ్లను వదినా," అంది. "తొమ్మిదిసార్లు కొట్టాను చప్పట్లు. ఈ అరచేతులకీ విశ్రాంతి కావాలి."

బావ అప్పుడు ముందుగదిలోనే ఉన్నాడు. విన్నాడు.

మర్నాడు గెలిచినవాళ్ల కాగితం తీసుకుని నేనే వెళ్లాను. ఉత్తమ సహనటి దగ్గర వదిన పేరుంది. బావ చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇది నువ్వు చూశావా?"

"చూశాను."

"పేరులో తప్పులేమీ లేవుగా?"

"నీ చెల్లెలి పేరు నీకు తెలియదా బావా?"

"పనిలో చెల్లెలేంట్రా," అని కిటికీ తలుపు వేసుకున్నాడు.

వారం తరవాత రేకుల అచ్చులు నా బల్ల మీదికి వచ్చాయి. చెక్కిన రేకు మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలు రుద్దితే అక్షరాలు తెల్లగా తేలతాయి, ఆ కాగితాలు నేను చదివి సంతకం పెట్టాలి. పదకొండు కాగితాలు. వదిన పేరున్న కాగితం రెండుసార్లు చూశాను. పేరే చూశాను. పేరు దగ్గరే నా కళ్లు నిలిచిపోయాయి, పై వరస చదివాననుకున్నాను. సంతకం పెట్టాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడ్డట్టు.

అవార్డుల రోజు. చిత్రీకరణ మధ్యాహ్నం రెండింటికి, ప్రసారం వచ్చే ఆదివారం. పొద్దున తొమ్మిదింటికి బావ ఉలి సంచీ భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. "ఒకసారి చిన్నీ వాళ్లింటికి పోదాం, రా," అన్నాడు. చెల్లెల్ని ఆయన అలా పిలిచేవాడు. నాకు తెలిసిన సంగతే ఆయనకీ తెలుసు. ఆమె రాకపోతే ఈ మధ్యాహ్నం ఆ హాల్లో కూర్చుని, చెల్లెలి చోట వేరే పేరు ఆయనే చెక్కాలి. రమ్మని బతిమాలితే, ఎన్నడూ రమ్మనని మనిషి రమ్మన్నాడంటే, పేరు చెప్పేసినట్టే. మింగలేడు, కక్కలేడు. మెట్లెక్కాక ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఎక్కింది పదహారు మెట్లే.

వదిన రెండు గదుల వాటాలో నేల మీద కూర్చుని, సీరియల్లో కట్టుకున్న బట్టలు మడతపెట్టి అట్టపెట్టెలో సర్దుతోంది. చానల్ వాళ్లవి, తిరిగిచ్చెయ్యాలి. మంచి అత్తగారి బట్టలు ఒక పెట్టె, చెడ్డ అత్తగారివి ఇంకో పెట్టె. చెడ్డావిడ బట్టలే ఎక్కువ.

"రా అన్నయ్యా. ఏం మరిదీ, ఇద్దరూ కలిసొచ్చారు, నన్ను పట్టుకెళ్లడానికా? నేను రావట్లేదని వదినతో చెప్పానే."

బావ కుర్చీ అంచున కూర్చున్నాడు. సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు. కిందింటివాళ్ల కుక్కర్ రెండు కూతలు వేసేంతసేపు అలాగే ఉన్నాడు.

"చిన్నీ, ఈసారి కూడా నీది కాదు."

వదిన చేతిలో మడత ఆగింది. నేను బావ కేసి చూడబోయి మానేసి, కిటికీ చువ్వలు లెక్కపెట్టుకున్నాను.

"ఏమన్నావు?"

"నీ పేరు రాలేదు. ఇంకెవరిదో చెక్కాను. చెప్పేశానుగా. ఇంక నువ్వు అక్కడ గుండె చిక్కబట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఊరికే నాకు తోడుగా రా. ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది."

ఆమె ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. తరవాత నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. మోకాళ్ల మీద జరిగి వచ్చి అన్నయ్య చెయ్యి పట్టుకుంది.

"ఈ ఒక్క ముక్క కోసం తొమ్మిదేళ్లు నీ గడప దగ్గర నిలబడ్డాను అన్నయ్యా. ఇవాళ్టికి నోరొచ్చింది నీకు. పద. రాదని తెలిశాక ఇంక భయమేముంది? ఎవరు గెలిచారో మాత్రం చెప్పకు. అదైనా సరదాగా చూస్తాను."

"ముస్తాబవు వదినా," అన్నాను నేను. "ఆ నీలం పట్టుచీర..."

"ఎందుకు మరిదీ? వెనక వరసలో కూర్చునేదానికి పట్టెందుకు? ఇలాగే వస్తాను. పదేళ్లలో మొదటిసారి హాయిగా వస్తాను."

అప్పుడైనా బావ ఒక్క మాట అనాల్సింది. నేనైనా అనాల్సింది. ఆమె కొంగు దగ్గర చిన్న ఇస్త్రీ మరక ఉంది, గోధుమరంగు, త్రికోణం. ఇద్దరం చూశాం. అంటే బయటపడిపోతుంది. అనలేదు. ముగ్గురం బస్సెక్కి వెళ్లాం. దారంతా వదినే మాట్లాడింది.

హాల్లో ఎర్రకుర్చీలు. పైన వందల దీపాలు. వేదిక పక్కన తువ్వాలు పట్టుకుని ఒకతను నిలబడతాడు, తువ్వాలు ఊపితే చప్పట్లు కొట్టాలి, దించితే ఆపాలి. వెనక వరసలో, పక్కతలుపు దగ్గర మేం ముగ్గురం. వదిన చిన్నపిల్లలా అందర్నీ చూపించి గుసగుసలాడింది. "అదిగో నా కోడలు. గట్టిగా మాట్లాడకు, ఇప్పుడు నేను ఫోటోని." ఉత్తమ జంట అయింది, ఉత్తమ ప్రతినాయిక అయింది. ప్రతినాయిక వేదిక మీద బోరున ఏడిస్తే వదిన, "దీనికి గ్లిజరిన్ అక్కర్లేదు," అంది. బావ సంచీ తాడు వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు.

ఉత్తమ సహనటి. చీటీ విప్పారు. పేరు చదివారు. తువ్వాలు ఊగింది.

వదిన చప్పట్లు కొట్టింది. అందరికంటే ముందు, ఎప్పటి అలవాటే. నాలుగైదు చప్పట్లు తన పేరుకి తనే కొట్టాక చేతులు గాల్లో ఆగాయి. మెల్లిగా తల తిప్పి అన్నయ్యని చూసింది. ఆయన తన చెప్పుల కేసి చూసుకుంటున్నాడు.

లేచింది. అంత పొడుగు హాలు ఇస్త్రీ మరకతో నడిచి వెళ్లింది. ఒక కెమెరా ఆమెకి ఎదురుగా వెనక్కి జరుగుతూ వచ్చింది. నడుస్తూ కొంగు ముందుకు లాక్కోబోయి, సరిపోక వదిలేసింది. వేదిక మీద ఇచ్చేది ఒక పెద్ద దర్శకుడు. ఫలకం దూరంగా పెట్టి, కళ్లు చికిలించి, ఆనవాయితీ ప్రకారం ఉన్నది ఉన్నట్టు చదివాడు:

"ఉత్తమ... సహన నటి."

చదివి ఆయనే తడబడ్డాడు. హాలంతా నవ్వింది. చెడ్డ నవ్వేం కాదు. అయినా నవ్వే. యాంకరమ్మ చేతిలో మైకుంది కదా, "పదిహేడేళ్లు ఆ కోడలితో వేగినందుకు సహనానికే అవార్డండీ!" అంది. ఇంకా నవ్వారు. తువ్వాలు ఊగింది. వదిన ఫలకం తీసుకుని, మైకు ముందు నోరు తెరిచి, మూసి, దిగిపోయింది.

నేను లెక్కపెట్టుకున్నాను. స, హ, న, న, టి. ఒక న ఎక్కువ.

పదినిమిషాల్లో అందరం మేకప్ గదిలో ఉన్నాం. వదిన అద్దం ముందు కుర్చీలో, ఫలకం ఒళ్లో బోర్లా పెట్టుకుని. మేనేజరు రెండు ఫోన్లూ జేబులో పడేసి మరీ వచ్చాడు.

"ఎవరయ్యా ఇది చూసింది?"

"నేనే," అన్నాను. "అచ్చు నేనే చూశాను. తప్పు నాది."

"చెక్కింది నేను," అన్నాడు బావ.

"ఇద్దరూ కలిసి నా పరువు చెక్కేశారు. సరే, టీవీయే కదా, మళ్లీ తీద్దాం. అమ్మా, మీరు ఇంకోసారి పేరు వినాలి, ఆశ్చర్యపోవాలి, వేదికెక్కాలి. మంచిబట్టలు మా వాళ్లు ఇస్తారు. అసలు ఇలా వచ్చారేంటండీ? పోటీలో ఉన్నవాళ్లు ఇలాగా వచ్చేది?"

వదిన అద్దంలోంచే అన్నయ్యని చూసింది. "నాకు రాలేదని చెప్పాడండీ."

మేనేజరు బావ వైపు తిరిగాడు. పందొమ్మిదేళ్లలో ఆయన గొంతు అంత చిన్నగా నేను వినలేదు. "తాళంకప్పా, నువ్వా?"

"నేను పేరు చెప్పలేదండీ."

"రాలేదని చెప్పడం మాత్రం చెప్పడం కాదా?"

"వచ్చిందని చెప్పలేదు. హాలుకి రావాలని..." అన్నాడు బావ. మేనేజరు తల అడ్డంగా ఊపి, ఇరవై నిమిషాల్లో అంతా సిద్ధం కావాలని ఎవరితోనో అంటూ బయటికి వెళ్లాడు.

గదిలో మేం ముగ్గురమే మిగిలాం. వదిన ఫలకం తిప్పి ఆయన ముందు పెట్టింది.

"పదిసార్లు వచ్చానీ హాలుకి. తొమ్మిదిసార్లు పెళ్లికూతురిలా ముస్తాబై వస్తే చేతులూపుకుంటూ పంపావు. అవార్డు వచ్చిన ఒక్కనాడు ఈ మరక చీరతో తీసుకొచ్చావు. ఇన్నేళ్లు నిజం దాచావు, పనిలే అనుకున్నాను. నోరు విప్పిన ఒక్కసారీ అబద్ధమా అన్నయ్యా?"

"చెబితే నువ్వు..."

"చెప్పకు. నాకు ఇది చెప్పు చాలు. ఈ న చెయ్యి జారి పడిందా, నువ్వే వేశావా?"

బావ ఫలకం చేతిలోకి తీసుకున్నాడు. అలవాటుగా సంచీలోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. తలలు పెట్టకముందు ఆ గుంపులో ఒక మనిషి ఎక్కువొచ్చినా తెలియదని నేను అందామనుకున్నాను. తలకట్లు మాత్రం రెండు నకారాలకీ శ్రద్ధగా పెట్టి ఉన్నాయి. రెండూ దువ్విన తలలే.

ఆయన భూతద్దం తీసి మళ్లీ సంచీలో పెట్టుకున్నాడు.

"నాది సహనమనుకున్నావా?" అంది వదిన. "నేనెప్పుడు సహించాను? ప్రతి ఏడూ ఆశపడి చచ్చాను. చూసి ఊరుకున్నది నువ్వు. ఇది నీకు ఇవ్వాల్సింది."

మేకప్ పిల్ల ఎర్రటి పట్టుచీర చేతి మీద వేసుకుని లోపలికి వచ్చింది. మేం బయటికి నడిచాం.

ఆ న గురించి తరవాత బావ బతికిన పన్నెండేళ్లలో నేను అడగలేదు. అక్క అడిగిందట. "రేకు మీద పడ్డాక పడినట్టేనే," అన్నాడట. అవార్డుల పని ఆయన మళ్లీ ముట్టుకోలేదు. చానల్ పిలవనూ లేదు. వదినా ఆయనా కలుసుకునేవారు, అక్క వండింది కలిసి తినేవారు. కానీ ఆ ముందుగది గడప మీద నిలబడి ఆయన్ని ఏదైనా అడగడం ఆమె మానేసింది. అడగడానికి ఏమీ మిగల్లేదేమో. మిగిలినా అడగదలుచుకోలేదేమో.

ఆ రోజు మళ్లీ చిత్రీకరణ అన్నారు కనక హాల్లో అందరూ ఎవరి కుర్చీల్లోకి వాళ్లు సర్దుకున్నారు. వదినని ఈసారి మూడో వరసలో కూర్చోబెట్టారు. గెలిచినావిడ అన్నయ్యగా తెర మీద బాగుంటుందని మేనేజరే బావని తీసుకెళ్లి ఆమె వెనక కుర్చీలో కూర్చోబెట్టాడు. కోపమున్నా పని తెలిసిన మనిషి. బావ పక్కన నేను. ఫలకాన్ని ఏంచెయ్యాలన్నది తేలలేదు. అప్పటికప్పుడు ఒక న చెరిపేస్తే ఇత్తడిలో గుంట పడుతుంది. "బోర్లా పట్టుకోండమ్మా," అన్నారు. "అక్కర్లేదు, నేను చూసుకుంటాను," అంది వదిన.

చీటీ మళ్లీ విప్పారు. పేరు మళ్లీ చదివారు. తువ్వాలు ఊగింది.

ఆమె వినగానే కదల్లేదు. కనురెప్పలు రెండుసార్లు కొట్టుకున్నాయి. చెయ్యి గుండె మీదికి వెళ్లింది. పక్కావిడని, "నన్నేనా?" అన్నట్టు చూసింది. లేచేటప్పుడు మోకాళ్లు కొంచెం వణికాయి. నిజంగా విన్నప్పుడు ఇవేవీ చెయ్యలేదు. పదిహేడేళ్లలో ఆమె చేసిన అత్తగార్లందరికంటే బాగా చేసింది. నా చుట్టూ ఉన్నవాళ్లు తువ్వాలు దించినా చప్పట్లు ఆపలేదు. దర్శకుడు "ఉత్తమ సహనటి" అని స్పష్టంగా చెప్పి ఫలకం అందించాడు. ఆమె దాన్ని రొమ్ము దగ్గర రెండు చేతులా పట్టుకుని, బొటనవేలు ఒక న మీద ఉంచి, దీపాల్లోకి నవ్వింది. మైకు ముందుకు వచ్చి, "దీనికి కారణం మా అన్నయ్య," అంటూ మా వరస కేసి చెయ్యి చాపింది. ఆ గొంతు ఏ అత్తగారిదో, మంచావిడదో చెడ్డావిడదో, నాకు తెలియలేదు.

కెమెరా మా వైపు తిరగడం మొదలుపెట్టింది. పక్కన బావ లేచాడు. చప్పట్లు కొట్టడానికి లేచాడనుకున్నాను. ఆయన ఉలి సంచీ చంకలో పెట్టుకుని, ఏ కెమెరాకీ అడ్డం రాకుండా నడుం బాగా వంచి, కుర్చీల సందులోంచి పక్కతలుపు దాకా వెళ్లి, దాన్ని చప్పుడు కాకుండా తెరుచుకుని బయటికి వెళ్లిపోయాడు. నాతో చెప్పలేదు. వేదిక కేసి చూడలేదు.